మూడు మెట్లు, రెండు లెక్కలు: కార్డ్ కట్టడం, దానికి పేరు పెట్టడం

నెల్లూరు మూలాపేటలో మా మేడ మీది గదికి సాయంత్రం కీబోర్డు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు రెండు రకాలు. కొందరు చర్చి క్వాయర్ నుంచి వస్తారు. వాళ్లకి నాలుగైదు కార్డ్స్ (ఒకేసారి కలిపి నొక్కే స్వరాల గుంపులు) చేతికి అలవాటే గాని, పట్టుకున్నదాని పేరు అడిగితే చెప్పలేరు. ఇంకొందరు కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నవాళ్లు. సరళీ స్వరాలు, జంట స్వరాలు నిద్రలో కూడా పాడతారు గాని, కార్డ్ అనగానే అది మనది కాదన్నట్టు చేతులు వెనక్కి తీసుకుంటారు. ఇద్దరికీ నేను మొదటిరోజు చెప్పేది ఒకటే: ఆకారాలు బట్టీ పట్టొద్దు, మెట్లు లెక్కపెట్టండి. మూడు స్వరాల కార్డ్స్ ముఖ్యంగా నాలుగు రకాలు. పన్నెండు మెట్ల మీద అవి నలభై ఎనిమిది అవుతాయి. నలభై ఎనిమిది ఆకారాలు ఎవరికి గుర్తుంటాయి? లెక్కలైతే రెండే అంకెలు, మూడు, నాలుగు.

ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. పద్దెనిమిదేళ్ల వయసులో నేను ఒక పెళ్లి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాణ్ణి. నాకు వచ్చిన కార్డ్స్ అన్నీ పక్కవాళ్ల చేతులు చూసి నేర్చుకున్నవే. కోవూరులో ఒక పెళ్లికి పాడే అన్న స్టేజీ ఎక్కాక, "గొంతు బాగుంది ఈరోజు, అర శ్రుతి పెంచు అబ్బయా" అన్నాడు. ప్రాక్టీసు అంతా తెల్ల మెట్ల మీద చేశాం. అర శ్రుతి పెంచేసరికి నా వేళ్లకి తెలిసిన చోటు ఒక్కటీ మిగల్లేదు. ఆ పాట పూర్తయ్యేదాకా ఎడమచేత్తో ఒక్క సా మాత్రం నొక్కి పట్టుకుని కూర్చున్నాను. ఆ రాత్రి ఇంటికొచ్చి మెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ముందుగా మెట్లు, వాటి పేర్లు

మెట్టు అంటే కీబోర్డు మీద గాని హార్మోనియం మీద గాని ఒక కీ. తెల్లదైనా నల్లదైనా ఒక మెట్టే. గిటారు అయితే ఒక ఫ్రెట్ ఒక మెట్టు. తెల్ల మెట్లకి వరసగా సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి అని పేర్లు. నల్ల మెట్టుకి రెండేసి పేర్లుంటాయి. సి కి కుడిపక్కనున్న నల్లది సి షార్ప్, అదే డి కి ఎడమపక్కది కాబట్టి డి ఫ్లాట్ కూడా. రెండు పేర్లు ఎందుకో తర్వాత చూద్దాం, చాలామంది తడబడేది అక్కడే.

శ్రుతి అంకెల్లో మాట్లాడుకునే అలవాటు మనకి ఉంది. అది ఇక్కడ బాగా పనికొస్తుంది. ఒకటి అంటే సి, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, అయిదు జి, ఆరు ఎ, ఏడు బి. ఒకటిన్నర అంటే సి షార్ప్, నాలుగున్నర అంటే ఎఫ్ షార్ప్. మూడున్నర శ్రుతి, ఏడున్నర శ్రుతి అని ఎవరూ అనరు, గమనించారా? ఇ కి ఎఫ్ కి మధ్య, బి కి సి కి మధ్య నల్ల మెట్టు లేదు. ఈ రెండు చోట్లా గుర్తుంటే లెక్కలో సగం తప్పులు పోతాయి.

లెక్కపెట్టే పద్ధతి: మొదలుపెట్టిన మెట్టుని కలపకూడదు. సి నుంచి నాలుగు అంటే సి షార్ప్ ఒకటి, డి రెండు, డి షార్ప్ మూడు, ఇ నాలుగు. ఇంటి గుమ్మం నుంచి నాలుగు అడుగులు వేయమంటే నిలబడ్డ చోటుని అడుగుగా లెక్కపెట్టం కదా, అలాగే.

ఒకటి విడిచి ఒకటి

ఇప్పుడు కార్డ్ కడదాం. సి మీద వేలు పెట్టండి. పక్క అక్షరం విడిచి ఇ, మళ్లీ ఒకటి విడిచి జి. సి, ఇ, జి. మూడూ ఒకేసారి నొక్కండి. ఇదే మూడు స్వరాల కార్డ్, ట్రయాడ్ అంటారు. కింది స్వరం మూలం, దీన్ని రూట్ అంటారు. మధ్యది మూలం నుంచి మూడో అక్షరం కాబట్టి థర్డ్, పైది అయిదో అక్షరం కాబట్టి ఫిఫ్త్. సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇంకా తేలిక. మూలాన్ని సా అనుకుంటే ఇది స, గ, ప. రి, మ విడిచేశాం, అంతే.

ఇలా ప్రతి తెల్ల మెట్టు మీదా చేసి చూడండి: డి-ఎఫ్-ఎ, ఇ-జి-బి, ఎఫ్-ఎ-సి, జి-బి-డి, ఎ-సి-ఇ, బి-డి-ఎఫ్. మొత్తం ఏడు గుంపులు. ఈ ఏడింటినీ ఎక్కాల్లాగా నోటికి రానివ్వండి. బట్టీ వద్దని చెప్పిన నేనే ఇది బట్టీ పట్టమంటున్నాను, ఎందుకంటే షార్ప్ వచ్చినా ఫ్లాట్ వచ్చినా ఈ అక్షరాల గుంపులు మారవు. ఇలా ఒకటి విడిచి ఒకటి కట్టిన, డి పేరుతో ఉన్న ఏ కార్డ్ అయినా డి, ఎఫ్, ఎ అక్షరాలతోనే ఉంటుంది. మారేది వాటి పక్కన చేరే షార్ప్, ఫ్లాట్ మాత్రమే.

మూడా, నాలుగా?

సి-ఇ-జి వాయించి, వెంటనే డి-ఎఫ్-ఎ వాయించండి. చేతి ఆకారం అదే, కానీ వినడానికి వేరు. మొదటిది తెరిచిన కిటికీలా ఉంటే రెండోది కాస్త దిగులుగా ఉంటుంది. తేడా ఎక్కడుందో మెట్లు లెక్కపెడితే దొరుకుతుంది. సి నుంచి ఇ కి 4 మెట్లు, ఇ నుంచి జి కి 3. డి నుంచి ఎఫ్ కి 3 మెట్లు, ఎఫ్ నుంచి ఎ కి 4. రెండింటిలోనూ మొత్తం 7. అంటే పంచమం కదల్లేదు, గాంధారం ఒక్కటే ఒక మెట్టు అటూ ఇటూ అయింది.

4, తర్వాత 3 అయితే అది మేజర్. 3, తర్వాత 4 అయితే మైనర్. రెండూ మూడే అయితే, అంటే 3, 3 అయితే, డిమినిష్డ్. రెండూ నాలుగైతే ఆగ్మెంటెడ్. ఇక అయిదో రకం లేదు, మూడునీ నాలుగునీ రెండు గదుల్లో ఇంకోలా పెట్టలేం.

ఇదే విషయాన్ని మా దగ్గరికి వచ్చే ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి నాకంటే బాగా చెప్పింది. ఆ అమ్మాయి పాట నేర్చుకుంటోంది, కీబోర్డుకి కొత్త. ముందు సి-ఇ-జి వాయించాను. తర్వాత మధ్యవేలు మాత్రం ఇ మీంచి పక్క నల్ల మెట్టు మీదికి జరిపాను. పాప ఒక్క క్షణం ఆగి, "సార్, అది అంతర గాంధారం, ఇది సాధారణ గాంధారం. అంతేనా మేజర్, మైనర్ అంటే?" అంది. అంతే. మేజర్ అంటే స, అంతర గాంధారం, ప. మైనర్ అంటే స, సాధారణ గాంధారం, ప. డిమినిష్డ్ లో సాధారణ గాంధారంతో పాటు పంచమం కూడా ఒక మెట్టు దిగి ప్రతి మధ్యమం చోటికి వస్తుంది. ఆగ్మెంటెడ్ లో అంతర గాంధారం ఉండి, పంచమం ఒక మెట్టు ఎక్కి శుద్ధ ధైవతం చోట కూర్చుంటుంది. పేర్లు పరాయివి గాని, చోట్లన్నీ మన పన్నెండు స్వరస్థానాల్లోనివే.

మేజర్ ఎందుకంత కుదురుగా వినిపిస్తుందో కూడా చెప్పుకోవాలి. శుద్ధమైన మేజర్ కార్డ్ లో మూడు స్వరాల కంపనాలు 4, 5, 6 నిష్పత్తిలో ఉంటాయి. సా సెకనుకి 240 కంపనాలనుకుంటే, గ 300, ప 360. చిన్న అంకెల పొందిక అది, అందుకే చెవికి ఒకే ముద్దగా అందుతుంది. కీబోర్డులో మాత్రం పన్నెండు మెట్లనీ సమానంగా పంచుతారు కాబట్టి గ 300 దగ్గర కాకుండా 302 దాటి ఉంటుంది. తంబూరా పక్కన పాడి పాడి చెవి పదునెక్కినవాళ్లు ఆ తేడాని పట్టేస్తారు. కీబోర్డు గాంధారం కొంచెం గుచ్చుకుంటోందని ఎవరైనా పిల్లలు అంటే వాళ్లని సరిదిద్దకండి, వాళ్లు విన్నది నిజం.

పేరు పెట్టడం

పేరులో రెండు ముక్కలు: మూలం ఏది, రకం ఏది. సి మేజర్, డి మైనర్, బి డిమినిష్డ్. కాగితం మీద రాసేటప్పుడు ఒట్టి పెద్దక్షరం ఉంటే మేజర్ అనే అర్థం. పక్కన చిన్న ఎమ్ ఉంటే మైనర్. డిమ్ అని గాని చిన్న సున్నా గాని ఉంటే డిమినిష్డ్. ఆగ్ అని గాని ప్లస్ గుర్తు గాని ఉంటే ఆగ్మెంటెడ్.

ఇప్పుడు నల్ల మెట్టు రెండు పేర్ల సంగతి. డి మేజర్ కట్టండి. డి నుంచి నాలుగు మెట్లు లెక్కపెడితే ఒక నల్ల మెట్టు వస్తుంది. దాన్ని ఎఫ్ షార్ప్ అనాలా, జి ఫ్లాట్ అనాలా? ఇందాక నోటికి పట్టిన గుంపు చూడండి: డి-ఎఫ్-ఎ. మధ్యలో ఎఫ్ అక్షరం ఉండాలి, కాబట్టి ఎఫ్ షార్ప్. సి మైనర్ లో మధ్య స్వరం? గుంపు సి-ఇ-జి, కాబట్టి ఇ ఫ్లాట్. డి షార్ప్ అని రాస్తే వినడానికి తేడా లేకపోయినా, చదివేవాడికి అది గాంధారమని తెలియదు.

మూలమే నల్ల మెట్టయితే పేరు మీరు ఎంచుకోవాలి. అయిదున్నర శ్రుతి మీద మేజర్ కావాలనుకోండి. జి షార్ప్ అంటే గుంపు జి-బి-డి కాబట్టి జి షార్ప్, బి షార్ప్, డి షార్ప్ అని రాయాలి. బి షార్ప్ అంటే తెల్ల సి మెట్టే, చదవడానికి చిరాకు. అదే ఎ ఫ్లాట్ అంటే ఎ ఫ్లాట్, సి, ఇ ఫ్లాట్. హాయిగా ఉంది. కానీ అదే మెట్టు మీద మైనర్ అయితే లెక్క తిరగబడుతుంది. ఎ ఫ్లాట్ మైనర్ లో సి ఫ్లాట్ రాయాల్సి వస్తుంది, జి షార్ప్ మైనర్ లో జి షార్ప్, బి, డి షార్ప్ తో సరిపోతుంది. అందుకే మేజర్ కి ఎ ఫ్లాట్, మైనర్ కి జి షార్ప్ ఎక్కువగా కనిపిస్తాయి.

ఒక చిన్న మాట, సస్ అని రాసి ఉండే కార్డ్స్ గురించి. సస్ ఫోర్ అంటే గాంధారం తీసేసి శుద్ధ మధ్యమం (మూలం నుంచి అయిదో మెట్టు) పెట్టడం, సస్ టూ అంటే దాని చోట చతుశ్రుతి రిషభం (రెండో మెట్టు) పెట్టడం. గాంధారం లేదు కాబట్టి అవి మేజరూ కాదు, మైనరూ కాదు. ప్రస్తుతానికి ఇంత చాలు.

శంకరాభరణంలో ఏడు కార్డ్స్

తెల్ల మెట్లు సి నుంచి వరసగా వాయిస్తే వచ్చేది శంకరాభరణం, 29వ మేళకర్త (ఏడు స్వరాలూ ఉన్న మూల రాగం). పాశ్చాత్యులు మేజర్ స్కేల్ అనేది దీన్నే. మీరు ముందు కట్టిన ఏడు గుంపులూ ఈ స్కేల్ లోని ఏడు కార్డ్స్. వాటి రకాలు మెట్లు లెక్కపెట్టి మీరే రాయండి, తర్వాత ఇది చూడండి: స, మ, ప ల మీద మేజర్. రి, గ, ద ల మీద మైనర్. ని మీద డిమినిష్డ్. సి లో అయితే సి, ఎఫ్, జి మేజర్లు, డి, ఇ, ఎ మైనర్లు, బి డిమినిష్డ్. వన్-ఫోర్-ఫైవ్ అని వాయించేవాళ్లు అనుకునేది ఆ మూడు మేజర్ల గురించే.

నాకు చాలా ఇష్టమైన చోటు ఇది. గ్రహభేదం, అంటే అవే మెట్లలో ఇంకో స్వరాన్ని సా అనుకుని పాడటం, తెలిసినవాళ్లు ఒక్కసారి ఆగండి. శంకరాభరణంలో రిషభాన్ని సా చేస్తే ఖరహరప్రియ, గాంధారాన్ని చేస్తే తోడి, మధ్యమాన్ని చేస్తే కల్యాణి, పంచమాన్ని చేస్తే హరికాంభోజి, ధైవతాన్ని చేస్తే నటభైరవి. వీటిలో అంతర గాంధారం ఉన్న కల్యాణి, హరికాంభోజి వచ్చే చోట్లే మేజర్ కార్డ్స్. సాధారణ గాంధారం ఉన్న ఖరహరప్రియ, తోడి, నటభైరవి వచ్చే చోట్లే మైనర్ కార్డ్స్. మరి నిషాదం? దాన్ని సా చేస్తే పంచమం దొరకదు, మేళం కుదరదు, మన పాఠంలో అక్కడితో వదిలేస్తారు. ఆ దొరకని పంచమమే బి డిమినిష్డ్ కార్డ్ లో ఒక మెట్టు తగ్గిన ఫిఫ్త్. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల, అది మన కంభం దగ్గరి ఊరి పేరు. ఆ పేరు చెప్పుకుని పొంగిపోయే మనకి ఈ కార్డ్స్ లెక్క పరాయిది అనిపించక్కర్లేదు.

అలాగని ప్రతి రాగం కింద కార్డ్స్ పెట్టేయమని కాదు. తోడి గాంధారం ఒక మెట్టు మీద నిలబడదు, ఊగుతుంది. దాని కింద మైనర్ కార్డ్ నొక్కి పట్టుకుంటే గమకం విరిగిపోతుంది. అలాంటి చోట స, ప మాత్రం పట్టుకోండి, లేదా చేతులు తీసేయండి. సినిమా పాటలు, క్రైస్తవ కీర్తనలు, భజనలు, లలిత గీతాల్లో చాలావాటికి కార్డ్స్ చక్కగా అతుకుతాయి.

తలకిందులైనా పేరు అదే

సి-ఇ-జి లో కింది సి ని తీసి పైన పెడితే ఇ-జి-సి. మళ్లీ ఇ ని పైకి పంపితే జి-సి-ఇ. వీటిని ఇన్వర్షన్స్ అంటారు. ఏది కిందున్నా కార్డ్ సి మేజరే. ఈ మూడూ ఒకే మూలానికి చెందినవని ఫ్రాన్స్ దేశపు సంగీతజ్ఞుడు రామో 1722లో సిద్ధాంతంగా వివరించాడు. కింది స్వరం వేరని చెప్పాలంటే గీత గీసి దాన్ని పక్కన రాస్తారు. మనవాళ్లు చదివేటప్పుడు "సి బై ఇ" అంటారు.

చిక్కు ఏమిటంటే, కలిసిపోయిన మూడు స్వరాలు చూసి మూలం ఏదో కనుక్కోవడం. దానికి నేను పిల్లలకి చెప్పే కిటుకు ఒకటుంది. రెండు దూరాలు లెక్కపెట్టండి. రెండూ 3 లేదా 4 అయితే మామూలుగా కిందిదే మూలం. ఎక్కడైనా 5 గాని 6 గాని వచ్చిందా, ఆ పెద్ద దూరానికి పైన ఉన్న స్వరమే మూలం. ఇ-జి-సి: దూరాలు 3, 5. అయిదుకి పైన సి ఉంది, సి మూలం. జి-సి-ఇ: 5, 4. అయిదుకి పైన మళ్లీ సి. డి-ఎఫ్-బి: 3, 6. ఆరుకి పైన బి, కాబట్టి బి డిమినిష్డ్. మూలం తేలాక ఆ స్వరాన్ని కిందికి దించి, మళ్లీ మెట్లు లెక్కపెడితే రకం తెలుస్తుంది.

ఈ కిటుకు ఆగ్మెంటెడ్ కి పనిచేయదు. అందులో 4, 4, మళ్లీ సా దాకా ఇంకో 4. ఎటు తిప్పినా దూరాలు మారవు. సి ఆగ్మెంటెడ్, ఇ ఆగ్మెంటెడ్, ఎ ఫ్లాట్ ఆగ్మెంటెడ్ కి వేళ్లు పెట్టే మెట్లు అవే. పాటలో ముందూ వెనకా ఏమున్నాయో చూసి పేరు పెట్టాలి.

ఇన్వర్షన్స్ అసలు ఉపయోగం చేతికి శ్రమ తగ్గడం. సి మేజర్ నుంచి ఎఫ్ మేజర్ కి వెళ్లాలంటే చెయ్యంతా ఎత్తి పక్కకి దూకక్కర్లేదు. బొటనవేలు సి మీదే ఉంచండి. ఎందుకంటే ఎఫ్ మేజర్ లో కూడా సి ఉంది. ఇ మీది వేలు ఎఫ్ కి, జి మీది వేలు ఎ కి జరపండి. సి-ఎఫ్-ఎ అయింది. అదే సి-ఇ-జి నుంచి జి మేజర్ కి వెళ్లాలంటే ఈసారి చిటికెనవేలు జి మీద ఆగుతుంది, మిగతా రెండూ కిందికి జరిగి బి-డి-జి అవుతుంది. నెమ్మదిగా, వేలి చివర కదలిక చూసుకుంటూ ఈ మూడింటి మధ్య పది నిమిషాలు తిరగండి. ఒంగోలు నుంచి వచ్చే ఒక క్వాయర్ అబ్బాయికి ఏడాదిగా పాట మధ్యలో వస్తున్న తెగుడు ఈ ఒక్క అభ్యాసంతో పోయింది.

శ్రుతి మారినప్పుడు

ఇప్పుడు నా కోవూరు పెళ్లికి వద్దాం. సి, ఎఫ్, జి, ఎ మైనర్ తో ఉన్న పాటని ఒకటిన్నర శ్రుతికి పెంచాలి. ప్రతి మూలాన్నీ ఒక మెట్టు జరపండి: సి షార్ప్, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్ మైనర్. ఆకారం ఆలోచించకుండా లెక్కతోనే కట్టండి. ఎఫ్ షార్ప్ నుంచి నాలుగు మెట్లు ఎ షార్ప్, అక్కడి నుంచి మూడు సి షార్ప్. మూడూ నల్లవే. ఎ షార్ప్ నుంచి మూడు సి షార్ప్, అక్కడి నుంచి నాలుగు తెల్ల ఎఫ్ మెట్టు. కీబోర్డులో శ్రుతి మార్చే బటన్ ఉంటుంది, తెలుసు. స్టేజీ మీద తొందరలో వాడుకోండి, తప్పులేదు. ఇంట్లో ప్రాక్టీసులో మాత్రం దాన్ని ముట్టుకోకండి. మామూలు హార్మోనియంకి ఆ బటన్ ఉండదు.

ఒక వరసకి కార్డ్స్ పెట్టి చూద్దాం

ప్రతి స్వరం ఆ స్కేల్ లోని మూడు కార్డ్స్ లో ఉంటుంది. సి కావాలంటే సి మేజర్ లో మూలంగా, ఎ మైనర్ లో మధ్య స్వరంగా, ఎఫ్ మేజర్ లో పై స్వరంగా దొరుకుతుంది. అందుకే ఒక పాటకి ఇద్దరు వాయిస్తే రెండు రకాలుగా ఉంటుంది, రెండూ ఒప్పే కావచ్చు.

నాలుగు లెక్కల చొప్పున ఈ వరస పాడండి: స స గ ప, ద ప మ గ, రి రి గ మ, గ రి స ఆపు. సి శ్రుతిలో మొదటి ముక్కకి సి మేజర్, మూడు స్వరాలూ అందులోవే. రెండో ముక్క బరువు ద మీద పడుతోంది, అంటే ఎ. ఎ ఉన్న కార్డ్స్ ఎ మైనర్, ఎఫ్ మేజర్, డి మైనర్. తర్వాత మ కూడా వస్తోంది కాబట్టి నేను ఎఫ్ మేజర్ పెడతాను. మూడోదాంట్లో రి, మ రెండూ ఉన్నాయి, అంటే డి, ఎఫ్. డి మైనర్ చక్కగా సరిపోతుంది. నాలుగోదాంట్లో గ కి సి మేజర్, రి దగ్గర జి మేజర్ కి జరిగి, స మీద మళ్లీ సి కి రండి. బొటనవేలు, చిటికెనవేలు ఎక్కడ ఆగగలవో వెతుక్కుంటూ వాయించండి. తర్వాత అదే వరసని రెండు శ్రుతిలో, అంటే డి లో వాయించి, ఆ ఆరు చోట్ల వచ్చిన కార్డ్స్ పేర్లు ఒక కాగితం మీద రాసి ఇక్కడ సరిచూసుకోండి: డి మేజర్, జి మేజర్, ఇ మైనర్, చివర డి నుంచి ఎ మేజర్ మీదుగా డి.